డ్రమ్ము రేకు

కంచరపాలెం గేటు దాటాక మూడో షెడ్డు మాది.
బండిని తోసుకుంటూ తెచ్చారు
నలుగురు కుర్రాళ్లూ, వెనకే ఒక కుక్కా.
అంబాసిడర్ ఎస్టేటు.
పెట్టె అందామంటే వంపుంది, పడవ అందామంటే చక్రాలున్నాయి,
గీసినవాడు మధ్యలో మనసు మార్చుకున్నట్టు.

ఎల్లాజీ గారిది. హార్బరులో రెండు బోట్లున్నాయి ఆయనకి.
వలలు మోసీ మోసీ సీట్ల కింద ఇంకా పొలుసులు.
"వెనక తలుపు రెండు ముక్కలొద్దు, ఒకటే రెక్క, పైకి లెగాల.
పక్క అద్దం ఇంకో జానెడు సాగాల.
సూసినోడు ఆగిపోవాల" అన్నాడు.
ముందు బండి కదలాలి కదా అని నేననలేదు,
అడ్వాన్సు అప్పటికే జేబులో ఉంది.

గీకడం మొదలెట్టాం.
తెలుపు కింద ఆకుపచ్చ, దాని కింద మీగడ రంగు,
దాని కింద ఎర్ర ఆక్సైడు.
గుమ్మం అడుగున వేలు పెడితే అవతలికి వచ్చింది.
ఉప్పుగాలి తిన్నంత తిని మిగతాది మాకు వదిలింది.
అప్పుడే కిరండోల్ గూడ్సు పోతోంది రేవుకి,
డబ్బాల నిండా ముడి ఇనుము.
మా చీపురు కిందా అదే ఎరుపు.
మట్టిలోంచి వచ్చేదీ, మట్టిలోకి పోయేదీ
ఒకే గేటు దగ్గర ఎదురుపడ్డాయి.

ఎడమ వెనక చక్రం పైన అయస్కాంతం అంటుకోలేదు.
వేలెడు మందం పుట్టీ.
ఉలి పెట్టి లేపితే
కింద సుత్తి గుర్తులు, వరసగా, బియ్యపు గింజల్లా,
అన్నీ కొంచెం ఎడమకి వాలి.
చీకట్లో దగ్గు విని మనిషిని పోల్చుకుంటామే,
అలా తెలిసిపోయింది.
డానియేలు మేస్త్రి.

రేకుకి అటు ఆయన, ఇటు నేను. తొమ్మిదేళ్లు.
లోపల ఒంగి డాలీ పట్టుకునేవాణ్ణి.
ఇంట్లో గొడవ పడొచ్చిన రోజు
ముందు నా అరచేతికి తెలిసేది.
"కొట్టకురా, బతిమాలు" అనేవాడు.
సుత్తితో బతిమాలడం నాకు ఆరో ఏట గానీ రాలేదు.

మూడు రోజులు కట్టరు పెట్టలేకపోయాను.
ఎల్లాజీ ఫోను చేస్తే గ్యాసు సిలిండరు రాలేదన్నాను.
నాలుగో రోజు జ్ఞానాపురం వెళ్లి
మేస్త్రిని స్కూటరు మీద తెచ్చాను.
చెవులు ఎప్పుడో పనికే ఇచ్చేశాడు,
చేతులకి ఈమధ్యే వణుకు.

కణుపుతో రెండు సార్లు తట్టాడు. నవ్వాడు.
"ఏటిరా, దేవుడి పటంనాగ దాసినావు?
డ్రమ్ము రేకురా ఇది.
ఆ దినం పిల్లకి జొరం. తొరగా అతికీసి ఒగ్గీసి పోనాను.
సిగ్గులేని పని. కోసీ."

కోశాను.
వెనక్కి తిప్పితే సగం అక్షరాలు,
ఏదో నూనె కంపెనీవి, తలకిందులుగా.

కొత్త రేకు ఇసక సంచి మీద పెట్టి
కొయ్య సుత్తితో వంపు తెచ్చాను.
ఉబ్బిన చోట ఎర్రగా కాల్చి తడిగుడ్డ అద్దాను.
సుయ్ మంది. అది ఆయనకి వినపడదు,
ఆవిరిని చూసి తలూపాడు.
అంచు కలిపే వేళకి
చెయ్యి చాపాడు, "డాలీ ఇలాగియ్యి."
చేపల వాసనలోకి మెల్లగా పాక్కుంటూ వెళ్లి
లోపల నుంచి ఒత్తి పట్టాడు.
నా సుత్తికి అవతల
వణుకు తెలుస్తోంది, దెబ్బ పడినప్పుడు మాత్రం ఆగుతోంది.
మేమిద్దరం మాట్లాడుకోలేదు.
మధ్యలో ఒకసారి లోపల నుంచే తిట్టాడు,
గట్టిగా కొట్టానని.

ఆ పాత ముక్కని పైడిగాడు బోల్టులు పోసుకునే పళ్లెం చేసుకున్నాడు.
తలుపు పైకి లేస్తోంది.
కుడి మూల ఇంకా నూలుపోగంత ఎత్తుంది.
రేపు చూడాలి.